ప్రకటనల పేజీలు చింపకండి

పాఠక మిత్రులకు,

పోయిన ఉత్తరంలో పాత సినిమా పాటల పుస్తకాల గురించి రాస్తే మీలో చాలామంది ఆప్యాయంగా జవాబులు రాశారు. వాటిలో ఒకటి న్యూజెర్సీ నుంచి వచ్చింది. రాసినాయన మనవాడే, అక్కడ స్థిరపడి చాలాకాలమైందట. పక్కవీధిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే, ఓ అట్టపెట్టెలో నూరేళ్లు దాటిన బేస్‌బాల్ గైడు దొరికింది. ఇంటికి తెచ్చి తిరగేస్తే ఆట గురించి ఎంత ఉందో, బంతులూ బ్యాట్లూ చేతి తొడుగుల ప్రకటనలూ దాదాపు అంతే ఉన్నాయి. ఇది ఆట పుస్తకమా, కొట్టువాడి కేటలాగా అని అడిగారు. ఇలాంటివి మన వైపు ఉన్నాయా, బెంగళూరులో ఎవరైనా దాస్తున్నారా అని కూడా అడిగారు.

రెండూనండీ. అది ఆట పుస్తకమూ, కొట్టు కేటలాగూ కూడా. ఆటల చరిత్రను మొదట అచ్చేసి అమ్మినవాళ్లలో ముఖ్యులు ఆటసామాన్ల వర్తకులే. ఈ ఉత్తరమంతా ఆ సంగతి గురించే.

ఆయనుండే రాష్ట్రంలోనే, హడ్సన్ నది ఒడ్డున, న్యూయార్క్‌కి ఎదురుగా హోబోకెన్ అనే ఊరుంది. నికర్‌బాకర్ క్లబ్బు వాళ్లు తాము రాసుకున్న నిబంధనలతో 1846 జూన్ 19న అక్కడి ఎలీసియన్ ఫీల్డ్స్‌లో ఆడిన ఆటను బేస్‌బాల్ అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. 1859 అక్టోబరులో అదే హోబోకెన్‌కి ఇంగ్లండు నుంచి క్రికెట్ జట్టు వచ్చింది. సముద్రం దాటి పర్యటనకు వెళ్లిన మొట్టమొదటి ఇంగ్లండు జట్టు అదే. నాయకుడు జార్జ్ పార్. జట్టులో పొట్టిగా, చురుగ్గా ఉండే జాన్ విజ్డెన్ అనే బౌలరు ఉన్నాడు. అప్పటికే ఆయనకు లండన్‌లో ఆటసామాన్ల వ్యాపారం ఉంది. ఆ వ్యాపారంలో ఒకప్పటి భాగస్వామి ఫ్రెడ్ లిల్లీవైట్ కూడా జట్టు వెంట వచ్చాడు. ఈయన 1849 నుంచే ఏటేటా క్రికెట్ గైడు వేస్తున్నవాడు. చిన్న అచ్చుయంత్రాన్నీ, దానికో గుడారాన్నీ ఓడలో వేసుకుని మరీ వచ్చాడు. మైదానం పక్కన గుడారం వేయడం, స్కోరు కార్డులు అక్కడికక్కడే అచ్చేసి అమ్మడం ఆయన పని. ఆ సామాను మోయలేక పార్ విసుక్కునేవాడట.

మరుసటేడు, 1860లో, న్యూయార్క్‌లో బీడిల్ కంపెనీ పది సెంట్లకు ఒక చిన్న పుస్తకం తెచ్చింది. పేరు బీడిల్స్ డైమ్ బేస్‌బాల్ ప్లేయర్. ఏటేటా వచ్చిన బేస్‌బాల్ గైడుల వరసకు అదే మొదలు. రాసినాయన హెన్రీ చాడ్విక్. పుట్టింది ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో, చిన్నతనంలోనే అమెరికా చేరాడు. మొదట క్రికెట్ విలేకరి. క్రికెట్ స్కోరు కార్డును కళ్లముందు పెట్టుకునే బేస్‌బాల్‌కి బాక్స్ స్కోరును తీర్చిదిద్దాడు. ఇక 1864లో జాన్ విజ్డెన్ లండన్‌లో ఒక షిల్లింగు ధరకు, 112 పేజీలతో తన క్రికెటర్స్ అల్మనాక్ మొదటి సంచిక వేశాడు. ఆ మొదటి సంచికలో పేజీలు నింపడానికి క్రికెట్ సమాచారం చాలలేదు. కాలువల పొడవులు, డెర్బీ పందెంలో గెలిచిన గుర్రాలు, క్రూసేడ్ యుద్ధాల తేదీలు కూడా వేశాడు. క్రికెట్‌కి వేదమని అందరూ చెప్పుకునే పుస్తకం మొదలైంది ఇలాగ, ఒక ఆటసామాన్ల వ్యాపారి చేతిలో.

అమెరికాలో ఈ పని చేసినవాడు ఆల్బర్ట్ స్పాల్డింగ్. బోస్టన్ తరఫునా షికాగో తరఫునా బంతులు విసిరి పేరు తెచ్చుకున్నాడు. నేషనల్ లీగు పుట్టిన 1876లోనే షికాగోలో ఆటసామాన్ల కొట్టు తెరిచాడు. కొద్దికాలానికే స్పాల్డింగ్ గైడు మొదలైంది. 1881 నుంచి చనిపోయేదాకా, అంటే 1908 దాకా, దానికి సంపాదకుడు చాడ్విక్కే. 1888-89లో స్పాల్డింగ్ రెండు జట్లను వెంటేసుకుని ప్రపంచయాత్ర చేశాడు. ఆస్ట్రేలియాలో ఆడి, కొలంబోలో ఆగి ఆడి, అక్కడినుంచి ఈజిప్టు వెళ్లి పిరమిడ్ల పక్కన ఆడారు. కొలంబో దాకా వచ్చినవాళ్లు మద్రాసు వైపు తిరగలేదు. ఆ ఓడ మన రేవుకొచ్చి ఉంటే మూర్ మార్కెట్ పాత పుస్తకాల కొట్లలో ఏమేమి దొరికి ఉండేవో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఒక కొట్టు యజమాని చేతిలో చరిత్ర పుస్తకం ఉంటే ఏమవుతుందో చూడాలంటే 1908 స్పాల్డింగ్ గైడు చూడాలి. బేస్‌బాల్ ఇంగ్లండు పిల్లలు ఆడే రౌండర్స్ నుంచి వచ్చిందని చాడ్విక్ 1903లో రాశాడు. అది అచ్చంగా అమెరికా ఆటేనని స్పాల్డింగ్ పట్టు. 1905లో ఒక కమిషన్ వేయించాడు. 1839లో కూపర్స్‌టౌన్‌లో అబ్నర్ డబుల్‌డే అనే సైనికాధికారి ఈ ఆటను కనిపెట్టాడని కమిషన్ తేల్చింది. గట్టి ఆధారం ఏమీ లేదు. చరిత్రకారులు తరవాత ఆ మాటను పూర్తిగా కొట్టేశారు. అయినా 1939లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ కూపర్స్‌టౌన్‌లోనే తెరుచుకుంది. చాడ్విక్ సంపాదకుడిగా ఉన్న గైడులోనే ఆయన వాదాన్ని కాదన్న తీర్పు అచ్చయింది. కాబట్టి న్యూజెర్సీ మిత్రుడికి నా సలహా: మీ చేతిలో ఉన్న గైడు ఏ ఏడాదిదో ముందు చూడండి. ఆ తరవాత ప్రకటనల పేజీలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

వర్తకుడే పత్రికాధిపతి కావడం మనకి కొత్తేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతో 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. పాత ఉగాది సంచికలు పోగుచేసేవాళ్లకి తెలుసు, వాటిలోని వ్యాసాలెంత విలువైనవో ప్రకటనలూ అంత విలువైనవి. తలనొప్పి మందు, జుట్టునూనె, గడియారం, హార్మోనియం. ఆ కాలంలో తెలుగువాడు ఏం కొనుక్కోవాలనుకున్నాడో వాటిలోనే ఉంది.

ఇప్పుడు బెంగళూరు సంగతి. ఇక్కడ బేస్‌బాల్ గైడులు దొరకవు. కానీ స్పాల్డింగ్ చేసిన పనిని ఈ ఊళ్లో మరో రంగంలో ఒకాయన చేశారు. ఆయన కె.వి. అయ్యర్. కన్నడ పాఠకులకు ఆయన శాంతల, రూపదర్శి నవలలు రాసిన రచయిత, నాటకకర్త టి.పి. కైలాసానికి ఆప్తమిత్రుడు. అంతకుముందే ఆయన దేశమంతా తెలిసిన వ్యాయామ గురువు. హెర్క్యులస్ జిమ్నేషియం పెట్టి, పోస్టులో పాఠాలు పంపే శరీర వ్యాయామ పాఠశాల కూడా నడిపారు. మైసూరు మహారాజు ఆదరణ పొందారు. 1930లో మజిల్ కల్ట్, 1936లో పర్ఫెక్ట్ ఫిజీక్, 1937లో సూర్యనమస్కార్ అనే ఇంగ్లీషు పుస్తకాలు వేశారు. వాటిలో గ్రీకు శిల్పాల్లా నిలబడి తీయించుకున్న ఆయన ఫొటోలు ఉంటాయి. వ్యాయామం నేర్పే పుస్తకమే ఆయన బడికి ప్రకటన. ఆయన శరీరమే పోస్టర్. కండల వీరుడు యూజీన్ శాండో 1905 ప్రాంతంలో మన దేశానికొచ్చి ప్రదర్శనలిచ్చాక కండల వ్యామోహం ఊరూరా పాకింది. దాన్ని ఇక్కడి సూర్యనమస్కారాలతో కలిపి, పుస్తకంగా, పాఠంగా, పోస్టుకవరుగా అమ్మగలిగినవాడు అయ్యర్. ఆయన దగ్గరివాడైన సుందరం యోగాసనాల మీద ఇంగ్లీషులో రాసిన యోగిక్ ఫిజికల్ కల్చర్ కూడా ఆ కాలంలో ఈ ఊరినుంచి వచ్చిందే. ఇవాళ ప్రపంచమంతా చాపలు పరుచుకుని చేస్తున్న యోగా చరిత్ర రాసేవాళ్లు ఈ బెంగళూరు పుస్తకాలు వెతుక్కుంటూ వస్తున్నారు.

నా దగ్గరున్న పర్ఫెక్ట్ ఫిజీక్ ప్రతికి అట్ట సగం ఊడిపోయింది. వెనక ఖాళీ పేజీలో ఎవరో కుర్రవాడు పెన్సిలుతో కొలతలు రాసుకున్నాడు. ఛాతీ, పై చేయి, తొడ, పిక్క, పక్కన నెలల పేర్లు. మొదటి నెలకీ నాలుగో నెలకీ ఛాతీ అంగుళమున్నర పెరిగింది. అయిదో నెల గడి ఖాళీ. పరీక్షలొచ్చాయో, పెళ్లయిందో, మరి విసుగే పుట్టిందో తెలియదు. మెరిసే ప్రతి కావాలనుకునే వాళ్లు పెన్సిలు రాతలుంటే ధర తగ్గించమంటారు. నేనైతే ఇంకాస్త ఎక్కువిచ్చి కొంటాను. అయ్యర్ గారి పుస్తకం ఎవరి చేతికి చేరింది, ఆ చేతులు దాంతో ఏం చేశాయి అన్నది మరే పుస్తకంలోనూ దొరకదు.

ఇక క్రికెట్. మన దేశంలో ఆట పుస్తకాలకు మొదటివాళ్లు పార్సీలు. షాపూర్జీ సొరాబ్జీ 1897లో, ఫ్రామ్జీ పటేల్ 1905లో రాసిన పుస్తకాలు ఇప్పుడు వేలంలో తప్ప కనబడవు. ఏడాది సంచికల్లో ముందు లాహోరు నుంచి మునిలాల్ సంపాదకత్వంలో వచ్చిన క్రికినియాను చెప్పాలి. 1946-47 సీజన్ నుంచి మద్రాసులో హిందూ పత్రికవారు ఇండియన్ క్రికెట్ అనే వార్షిక సంచిక మొదలుపెట్టారు. మొదటి సంపాదకుడు ఎస్.కె. గురునాథన్. ఆ పుస్తకాల వరస దశాబ్దాలపాటు సాగింది. రంజీ మ్యాచ్ స్కోరు ఏదైనా సరిచూసుకోవాలంటే చాలాకాలం అవే దిక్కు.

గ్రంథాలయాల నుంచి బయటపడ్డ ఈ వార్షికలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బైండింగుకి ఇచ్చేముందు అట్టలు తీసేశారు, ముందూ వెనకా ప్రకటనల పేజీలు చింపేశారు. చరిత్ర స్కోరు కార్డుల్లో ఉంది, మిగతాది చెత్త అనుకున్నారు పాపం. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. అందుకే అసలు కాగితపు అట్టతో, ప్రకటనలతో సహా ఉన్న పాత విజ్డెన్‌కీ, తోలు బైండింగు చేసి ప్రకటనలు తీసేసినదానికీ ధరలో ఎంతో తేడా. ప్రతి స్కోరు కార్డూ ఇప్పుడు కంప్యూటర్లో ఒక్క నొక్కుతో వస్తుంది. పోయిన ఆ ప్రకటనల పేజీలు ఎక్కడా లేవు. ఆ ఏడాది బ్యాటు ఖరీదెంత, ఎవరు చేశారు, ఏ ఊళ్లో ఎవరు అమ్మారు, కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు గుమాస్తా జీతంలో ఎన్నో వంతు? ఆట ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని తెలిసేది వీటివల్లనే.

నా దగ్గరున్న ఒక పోస్టర్ గురించి కాస్త వివరంగా చెబుతాను. బెంగళూరు కంటోన్మెంటు వైపు ఒకప్పుడున్న ఆటసామాన్ల కొట్టుది. 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. నాలుగు మడతలు, మడతలు కలిసే చోట చిన్న కన్నం. బ్యాటరు ముందుకు వంగి బంతిని నేలబారుగా కొడుతున్న బొమ్మ. ఫొటో కాదు, చేత్తో గీసింది. టోపీ ఎర్రరంగు గీత దాటి కుడివైపుకి జరిగింది. రంగుకొకసారి చొప్పున కాగితాన్ని యంత్రంలోకి పంపేటప్పుడు ఇలా పక్కకు తప్పుకోవడం మామూలే. ప్యాడ్ల బకిళ్లు మాత్రం ఒక్కొక్కటీ శ్రద్ధగా వేశాడు చిత్రకారుడు. కొట్టులో అమ్మేవి అవే కదా మరి.

ఎక్కడా తేదీ లేదు. కానీ వయసు చెప్పేవి అన్నీ దానిమీదే ఉన్నాయి. బ్యాటు ధర రూపాయల్లోనూ ఎన్.పి.లలోనూ ఉంది. ఎన్.పి. అంటే నయాపైసలు. అవి 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1964 జూన్ 1 నుంచి నయా పోయి పైసలే మిగిలాయి. అణాల్లో ధర ఉండి ఉంటే అంతకు ముందుది అయ్యేది. అడుగున ఊరి పేరు పక్కన మైసూర్ స్టేట్ అనుంది. 1973 నవంబరు 1న అది కర్ణాటక అయింది. ఆరంకెల పిన్‌కోడ్ లేదు, అది 1972 ఆగస్టు 15న మొదలైంది. అన్నీ కలిపి చూస్తే 1957కీ 1964కీ మధ్యన వేసిన పోస్టర్. ఇంకా కింద, భూతద్దం పెడితే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు. 1867 నాటి చట్టం ప్రకారం అప్పట్లో అచ్చయిన కాగితం మీద అచ్చువేసినవాడి పేరూ ఊరూ ఉండాల్సి ఉండేది. ఫ్రేములో పట్టడంలేదని అడుగున అరంగుళం కత్తిరించేవాళ్లు సరిగ్గా ఆ లైనునే కోసేస్తారు. దయచేసి కత్తిరించకండి. ఫ్రేమే పెద్దది చేయించండి.

చిరునామాలు కూడా చరిత్ర చెబుతాయి. దేశవిభజనకు ముందు ఆటసామాన్లంటే సియాల్‌కోట్. ఇవాళ మన దేశంలో టెస్టులు ఆడే ఎస్.జి. బంతి కంపెనీ 1931లో అక్కడ పుట్టిందే. కేదార్‌నాథ్, ద్వారకానాథ్ ఆనంద్ అనే అన్నదమ్ములు పెట్టారు. 1947లో అన్నీ వదిలి వచ్చేసి, 1950లో మీరట్‌లో మళ్లీ మొదలుపెట్టారు. అలా వచ్చిన కుటుంబాలతోనే జలంధరూ మీరటూ బ్యాట్లకూ బంతులకూ ఊళ్లయ్యాయి. కాబట్టి 1940ల నాటి ఆటల పత్రికలో సియాల్‌కోట్ చిరునామాతో ఒక ప్రకటన కనబడి, కొన్నేళ్ల తరవాత అదే సరుకు మీరట్‌లోనో జలంధర్‌లోనో కనబడితే, ఆ రెండు కాగితాల మధ్య ఒక కుటుంబం రైలెక్కిన కథ ఉంటుంది. బైండింగువాడు చింపిపారేసిన పేజీల్లో ఉన్నది ఇదండీ.

మన కనకయ్య నాయుడు గారిని తలవకుండా ఎలా? సి.కె. నాయుడు పుట్టింది నాగపూర్‌లో అయినా ఇంటిభాష తెలుగే. 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద రెండు గంటలైనా పట్టకుండా 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు. 1932లో లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకి నాయకుడు. 1933 విజ్డెన్ ఆయన్ని ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంచింది. తెలుగువాళ్ల ఇళ్లలో ఒక్క విజ్డెన్ ఉండాలంటే అది ఈ 1933 సంచికే అని నా గట్టి అభిప్రాయం. మరో మాట కూడా ఉంది. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్‌కి ఆయన ప్రకటన ఇచ్చారు. ఒక భారతీయ క్రికెటరు ఒక సరుకుకి తన పేరివ్వడం అదే మొదలంటారు. ఆ తరవాతే ఫరూఖ్ ఇంజినీరు బ్రిల్‌క్రీమూ, కపిల్‌దేవ్ బూస్టూ, ఇవాళ్టి కోట్ల ఒప్పందాలూ. ఈ వరసలో మొదటి కాగితం ఒక తెలుగువాడిది. అసలు పత్రికలో అచ్చయిన ఆ ప్రకటన ఎవరి ఇంట్లోనైనా ఉంటే దాన్ని మ్యూజియంలో పెట్టాలంటాను.

ధరల గురించి అడిగినవాళ్లకు ఒక్క మాట. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్న సిగరెట్టు కార్డు 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు పోయింది. దాన్ని చూసి ఆశపడి ఎవరూ ఈ పనిలోకి దిగకండి. మన దగ్గర ఇవి ఇంకా కిలోల లెక్కన పోతున్నాయి. నాకు బాధా అదే, ఆశా అదే.

బెంగళూరులో ఎక్కడ వెతకాలి? అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల వాళ్ల దగ్గర, ముఖ్యంగా ఆదివారం పొద్దున్నే. పాఠ్యపుస్తకాల గుట్టల అడుగున చూడాలి, పైన ఏమీ దొరకదు. బ్రిగేడ్ రోడ్డు పక్క సందులో సెలెక్ట్ బుక్‌షాప్. కె.బి.కె. రావు గారు 1945లో పెట్టారు, తరవాత వాళ్లబ్బాయి కె.కె.ఎస్. మూర్తి గారు ఇంజినీరు ఉద్యోగం మానుకుని నడిపారు. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్స్‌లో ఆటల అరలు ఓపిగ్గా చూస్తే పాత విజ్డెన్‌లు తగులుతాయి. ఇదే వీధుల్లో ప్రీమియర్ బుక్‌షాప్ 2009లో మూతబడింది, దాన్ని నడిపిన షాన్‌భాగ్ గారు 2021లో కన్నుమూశారు. కొట్లు ఒక్కొక్కటే తగ్గుతున్నప్పుడు వెతికే పని వాయిదా వేయకూడదు.

ఫ్యాషనుగా కాఫీ హోటళ్లలో గోడలకు పెట్టే పాత పోస్టర్లలో చాలావరకు నిన్నగాక మొన్న అచ్చు వేసినవే. భూతద్దంతో చూడండి. పాత లితో అచ్చులో రంగు ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటుంది, కొత్త అచ్చులో చుక్కలు వరసకట్టి ఉంటాయి. ఎనామిల్ రేకు బోర్డులకైతే కావాలని తుప్పు పట్టిస్తున్నారు. తుప్పు మేకుల కన్నాల చుట్టూ, దెబ్బతిన్న చోటా రావాలి. బోర్డంతా సమంగా పట్టిందంటే అనుమానించండి.

దాచడం గురించి మీలో చాలామంది అడిగారు. మొదటి మాట, లామినేషన్ వద్దు. వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతే మళ్లీ ఊడదు. సెల్లోటేపు అసలొద్దు, పదేళ్లకు గోధుమరంగు మరక మిగిల్చి టేపు రాలిపోతుంది. సావనీర్లకు కొట్టిన ఇనుప పిన్నులు మన వానాకాలానికి తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. వాటిని మెల్లగా విప్పి నూలుదారంతో కుట్టండి. చిరిగినచోట వెనకనుంచి పల్చటి జపాను కాగితం, గోధుమపిండి జిగురు చాలు. ఎప్పుడైనా నీటితో వదిలించుకోవచ్చు. పోస్టర్లు చుట్టకుండా పరిచి, ఆమ్లం లేని కాగితాల మధ్య, గోడకి తగలని బీరువాలో పెట్టండి. నెలకోసారి తెరిచి చూడండి. వెండిరంగు పురుగులు చీకటినీ తేమనీ వెతుక్కుంటాయి, మనిషి చెయ్యి తిరుగుతున్న చోట తక్కువగా చేరతాయి. దాచడంకన్నా ముందు ఫొటో తీసుకోండి. పేజీ అంచులతో సహా, వెనక వైపుతో సహా.

విజ్డెన్లు, వార్షికలు మాత్రమే విలువైనవనుకోవద్దు. 1974 నవంబరులో బెంగళూరులో మొట్టమొదటి టెస్టు జరిగింది. వెస్టిండీస్ తరఫున వివియన్ రిచర్డ్స్, గోర్డన్ గ్రీనిడ్జ్ ఇద్దరూ ఇక్కడే అరంగేట్రం చేశారు. ఆ అయిదు రోజులూ స్టేడియంలో చేతులు మారిన సావనీర్లు, టికెట్ ముక్కలు, సోడా కంపెనీ పంచిన కాగితం టోపీలు ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? 1978లో స్పోర్ట్‌స్టార్ మొదలయ్యాక దాని నడిమి పేజీల పోస్టర్లు హైదరాబాదు, వాల్తేరు, తిరుపతి హాస్టలు గదుల్లో గోడలకెక్కాయి. వాటిని మైదాపిండితో అతికించిన తరం మనదే. థమ్సప్ సీసాలతో వచ్చిన బొమ్మల పుస్తకాలు గుర్తున్నాయా, బొటనవేలితో జర్రున తిప్పితే బౌలరు పరిగెత్తేవాడు? అవి పిల్లల ఆటవస్తువులు కాబట్టే ఎవరూ దాచలేదు.

చివరగా ఒక విన్నపం. వీరఘట్టంలో పుట్టి, విజయనగరం కేంద్రంగా సర్కస్ నడిపి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న కోడి రామమూర్తి నాయుడు గారి ప్రదర్శనల గోడపత్రికలూ కరపత్రాలూ కొన్నేళ్లుగా వెతుకుతున్నాను. ఆటా బలప్రదర్శనా కలిసిన తెలుగు ప్రకటన కాగితాల్లో నాకు అన్నిటికన్నా విలువైనవి అవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పాఠకులు మీ తాతగారి పెట్టెలు ఒకసారి తెరవండి. అటకమీది పాత పుస్తకాల అట్టలకింద, భోషాణం అడుగున పరిచిన కాగితాల్లో చూడండి. కాగితం దొరికితే నాకు పంపనక్కర్లేదు. మీ దగ్గరే ఉంచుకుని, ముందూ వెనకా ఫొటో తీసి పంపండి. ఉంచుకోవడం కష్టమైతే దగ్గర్లోని మంచి గ్రంథాలయానికి మీ పేరుమీద ఇవ్వండి. పాతసామాన్లవాడికి మాత్రం వేయకండి.

మీ ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
మీ బెంగళూరు మిత్రుడు